మిల్లు ఉద్యోగం మానకుండా దూరవిద్యలో ఎం.కాం. చేయొచ్చా?

పద్దులపుస్తకం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. 2019లో బీకాం అయింది, తర్వాత పెళ్లి, పాప. పాపకిప్పుడు నాలుగేళ్లు. ఈసారి సీపీగెట్ (పీజీ ప్రవేశ పరీక్ష) రాశాను. ర్యాంకు చూస్తే నల్గొండలో ఎం.కాం. సీటు వచ్చేలాగే ఉంది. మా ఆయన చదువుకోమంటున్నారు. కానీ రెగ్యులర్‌కి వెళ్లాలంటే మిల్లు మానేయాలి. నెలనెలా వచ్చే 17 వేలు ఆగిపోతే ఇంటి లోను కిస్తీ కట్టలేం. పైగా రోజూ బస్సులో పోను రాను మూడు గంటలు.

అందుకని దూరవిద్య అనుకుంటున్నాను. చుట్టూ ఉన్నవాళ్లు తలా ఒక మాట అంటున్నారు. మా అత్తమ్మ ‘ఇంట్ల కూసొని చదివే చదువుకు ఇలువేముంటది’ అంటుంది. మిల్లుకొచ్చే ఆడిటర్ గారు ‘విలువ ఉందమ్మా, కానీ నువ్వు పూర్తి చెయ్యవు’ అన్నారు. అత్తమ్మ మాట కన్నా ఇదే ఎక్కువ గుచ్చుకుంది.

మొన్న ఒకాయన ఏకంగా మిల్లుకే వచ్చాడు. ఏదో వేరే రాష్ట్రం యూనివర్సిటీ అట. 45 వేలు కడితే చాలు, క్లాసుల్లేవు, అసైన్‌మెంట్లు మేమే రాసి పెడతాం, పరీక్ష సంగతి కూడా మేం చూసుకుంటాం అన్నాడు. ఆ ‘చూసుకుంటాం’ అన్న మాట వినగానే నాకు భయం వేసింది. మా ఓనర్ మాత్రం ‘ఏముంది, కట్టెయ్’ అంటున్నారు.

నాకు జూనియర్ లెక్చరర్ కావాలని ఉంది. కుదిరితే నెట్ (డిగ్రీ కాలేజీ లెక్చరర్ అర్హత పరీక్ష) కూడా రాయాలి. సీటు వదులుకోవాలో, ఉద్యోగం వదులుకోవాలో తేలక రాత్రిళ్లు ఒకటే టెన్షన్. చేసినవాళ్లు ఉంటే చెప్పండి. వాళ్లూ వీళ్లూ అన్నవి వద్దు, అవి నా దగ్గర చాలానే ఉన్నాయి.

సాయంత్రం_చాయ్

రెగ్యులరే చెయ్యండి సిస్టర్. కాలేజీ అంటే లైబ్రరీ ఉంటుంది, డౌట్ వస్తే అడగడానికి మనిషి ఉంటాడు. మా రూమ్మేట్ దూరవిద్యలో ఎంబీఏ చేరాడు. పుస్తకాల పార్సిల్ అట్టపెట్టె ఇప్పటికీ విప్పలేదు, దాని మీద ఇండక్షన్ స్టవ్ పెట్టుకుని టీ కాచుకుంటున్నాం.

నైట్‌హాల్ట్

పై తమ్ముడి స్టవ్ సంగతి చదివి నవ్వొచ్చింది. ఆ పెట్టె మా ఇంట్లో కూడా ఉండేది. మా ఆవిడ దాని మీద కుట్టుమిషన్ సామాను పెట్టేది.

అమ్మా, నేను ఆర్టీసీలో కండక్టర్ని. మీ మిర్యాలగూడ రూట్లలోనే చాలా ఏళ్లు తిరిగాను, మీకు ఎప్పుడో ఒకప్పుడు టికెట్ కొట్టే ఉంటాను. దూరవిద్యలో బీఏ చేశాను, తర్వాత ఎంఏ చేశాను. మూడేళ్ల బీఏ మూడేళ్లలోనే అయిపోయింది. రెండేళ్ల ఎంఏకి మాత్రం నాలుగేళ్లు పట్టింది. చదివింది నేనే, ఉద్యోగమూ అదే. తేడా ఎక్కడొచ్చిందో చెప్తాను, మీకు పనికొస్తుందేమో చూడండి.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా మా నాన్న పోయాడు. చదువు అక్కడే ఆగింది. ఉద్యోగంలో చేరిన చాలా కాలానికి మా డిపోలో ఒక డ్రైవరన్న చెప్పాడు, అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరొచ్చు అని. దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ మనదేనని అప్పుడు నాకు తెలియదు. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అని మొదలుపెట్టారు, 1991లో అంబేడ్కర్ పేరు పెట్టారు. దానికి మొదటి వీసీగా చేసిన జి. రాంరెడ్డి గారే, 1985లో ఢిల్లీలో కేంద్రం వాళ్ల ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నో వచ్చినప్పుడు అక్కడా మొదటి వీసీ అయ్యారు. ‘ఓపెన్’ అన్న మాటకు మా ఊళ్లో ‘కాపీ కొట్టే చదువు’ అని అర్థం చెప్పేవాళ్లు. నాలాంటి వాళ్లకు తలుపు తీసిపెట్టడమని లోపలికెళ్లాకే తెలిసింది.

నాకు ఎక్కువగా నైట్ హాల్ట్ డ్యూటీలు పడేవి. చివరి ట్రిప్పు రాత్రి తొమ్మిదికి ఊరు చేరేది, మళ్లీ పొద్దున అయిదున్నరకు బయల్దేరాలి. ఆ రోజు టికెట్ల లెక్క రాసుకుని, తెచ్చుకున్న సద్ది తిని పుస్తకం తీసేవాణ్ని. బస్సులో లైటు వేసుకుంటే బ్యాటరీ దిగిపోతుందని డ్రైవరన్న ఒప్పుకునేవాడు కాదు. అందుకని పంచాయతీ ఆఫీసు అరుగు మీద, బల్బు కింద కూర్చునేవాణ్ని. వానాకాలం ఉసిళ్లు పుస్తకం నిండా రాలేవి. ప్రభుత్వ పాలనాశాస్త్రం పుస్తకంలో ఇప్పటికీ రెక్కలు అతుక్కుని ఉంటాయి. ఆ పుస్తకాలు మటుకు మెచ్చుకోవాలి. ఎదురుగా సారు లేడు కదా అని, సారు చెప్తున్నట్టే రాశారు. తెలుగులో ఉన్నాయి కాబట్టి నాలాంటివాడు చదవగలిగాడు.

కానీ నా బీఏ పూర్తయింది పుస్తకాల వల్ల కాదు. మా డిపోలోంచి నలుగురం కలిసి చేరాం. ఆదివారం స్టడీ సెంటర్లో క్లాసులుంటే, డ్యూటీ చార్టు వేసే సారును బతిమాలి మా నలుగురిలో కనీసం ఇద్దరికి వీక్లీ ఆఫ్ ఆ రోజు పడేలా చూసుకునేవాళ్లం. ఆ ఇద్దరూ విన్నది మిగతా ఇద్దరికి రెస్ట్ రూములో చెప్పాలి. చెప్పలేకపోతే టీ డబ్బులు వాళ్లవే. చాలా టీలు నేనే తాగించాను.

ఎంఏకి నేనొక్కణ్నే చేరాను. ఏ యూనివర్సిటీయో చెప్పను. మొదటి ఏడాది అసలు పరీక్షే రాయలేదు. ఎవరూ ఏమీ అనలేదు. కాలేజీలో మూడు రోజులు కనబడకపోతే పక్క బెంచీవాడైనా అడుగుతాడు. నేను ఆర్నెల్లు పుస్తకం ముట్టలేదని యూనివర్సిటీకి తెలియదు, మా ఆవిడకు తెలియదు, ‘రేపటి నుంచి’ అనుకుంటూ ఉన్నాను కాబట్టి నాకూ సరిగ్గా తెలియలేదు. రెండో ఏడాది అసైన్‌మెంట్లు చేతికిచ్చి వచ్చాను, మార్కులు ఎక్కలేదు. రసీదు తీసుకోలేదు కాబట్టి మళ్లీ రాయాల్సి వచ్చింది. ఒక పేపరు మూడుసార్లు తప్పాను. జవాబులు రాక కాదు, మూడు గంటలు పెన్ను పట్టుకుని రాయలేక. టికెట్ మిషన్ నొక్కే వేళ్లు, నాలుగో పేజీకే బొటనవేలు బిగుసుకుపోయేది.

మీ ఆడిటర్ గారు అన్న మాట కటువుగా ఉంది గానీ, ఆయన అబద్ధం చెప్పలేదు. కాకపోతే అది మీ గురించి కాదు, అందరి గురించి.

ఒక లెక్క చూడండి. ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. పీజీకి 80 క్రెడిట్లు అనుకుంటే 2,400 గంటలు. రెండేళ్లకు 730 రోజులు. రోజుకు మూడుంపావు గంటలు పైనే. మీరు నల్గొండ బస్సులో మిగుల్చుకుందాం అనుకున్న మూడు గంటలు ఇక్కడ ఖర్చయిపోయాయి. ఆ మూడు గంటలు మీ ఇంట్లో ఏ టైంలో ఉన్నాయో ముందు వెతకండి. ‘పాప పడుకున్నాక’ అని మాత్రం అనకండి, అప్పటికి మీరూ పడిపోతారు.

ఆదివారం_క్లాసు

నేను డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్తాను. ఆదివారాలు స్టడీ సెంటర్లో కౌన్సెలింగ్ క్లాసులు కూడా తీసుకుంటాను. కండక్టర్ గారు చెప్పినదానికి నేను కలిపేది కొంచెమే, కానీ ఆ కొంచెం మీకు అవసరం.

ముందు అత్తమ్మ గారి సందేహం. యూజీసీ గుర్తింపు ఉన్న యూనివర్సిటీ, అనుమతి ఉన్న కోర్సు అయితే దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానం. ఇది యూజీసీ 2020 నిబంధనల్లోనే ఉంది, 2022 సెప్టెంబరులో మరోసారి ప్రకటన ఇచ్చి చెప్పారు కూడా. ఎం.కాం.కి ల్యాబు లేదు కాబట్టి ఇబ్బందేమీ లేదు. ఇంజినీరింగ్, మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ, లా లాంటివి దూరవిద్యలో అసలు ఇవ్వకూడదు. అనుమతి లేకుండా కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీల మీద 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2001 నుంచి 2005 మధ్య చేరినవాళ్లు మళ్లీ పరీక్ష రాయాల్సి వచ్చింది, ఆ తర్వాత చేరినవాళ్ల డిగ్రీలు రద్దయ్యాయి. డబ్బు కట్టి, ఏళ్లు పోసి చదివినవాళ్లే అందరూ.

మీ మిల్లుకు వచ్చినాయన సంగతి. రాష్ట్ర యూనివర్సిటీ ఏదైనా దూరవిద్య సెంటరు తన రాష్ట్రం దాటి పెట్టకూడదు. ఫ్రాంచైజీకి ఇవ్వకూడదు. సెంటరు అనేది గుర్తింపు ఉన్న కాలేజీలో ఉండాలి, జిరాక్స్ షాపు పైనున్న గదిలో కాదు. పూర్తి ఆన్‌లైన్ కోర్సుకు రాష్ట్రాల హద్దు లేదు, అది వేరే సంగతి. ఆయన్ని ఒక్క ప్రశ్న అడగండి. 2024 నుంచి దూరవిద్యలో చేరే విద్యార్థి తానే యూజీసీ వెబ్‌సైటులో రిజిస్టర్ చేసుకుని డెబ్ ఐడీ (యూజీసీ దూరవిద్య విభాగం ఇచ్చే నంబరు) తీసుకోవాలి. ‘నా డెబ్ ఐడీతో ఏ కోర్సులో, ఏ సెషన్‌లో చేరుస్తారు, అదే వెబ్‌సైటులో మీ పేరు చూపించండి’ అనండి. గుర్తింపు యూనివర్సిటీకి ఒక్కసారి ఇచ్చేసి వదిలేది కాదు, కోర్సు కోర్సుకీ చూసుకోవాలి.

ఇప్పుడు అసలు మెలిక. నెట్ రాయాలంటే పీజీలో 55 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ నాన్ క్రీమీలేయర్, దివ్యాంగులకు 50. దూరవిద్యలో పాస్ మార్కులు చాలా చోట్ల 40. అందరూ ఆ 40 చూసుకుని ‘గట్టెక్కాం’ అనుకుంటారు. 51 శాతంతో ఎం.కాం. పూర్తి చేసి నా దగ్గరికొచ్చి ‘సార్, నెట్ అప్లికేషన్ తీసుకోవట్లేదు’ అన్నవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఏం చెప్పాలి? అసైన్‌మెంట్లకు ఇగ్నోలో 30 శాతం వెయిటేజీ ఉంది, మిగతా 70 పరీక్షకు. మొత్తంలో 55 దాటించేది ఆ 30లో తెచ్చుకున్న మార్కులే. బజారులో రాసిపెట్టినవి కొని ఇచ్చేవాళ్లను నేను పేపరు తిప్పగానే పట్టేస్తాను, ఒకే తప్పు పది మందిలోనూ ఉంటుంది. ఒకసారి అయితే ముగ్గురి పేపర్లలో ఒకే చోట ‘పేజీ 43 చూడుము’ అని కూడా ఉంది.

క్లాసులు కూడా ఎవరు రమ్మంటారని మానేయకండి. మా సెంటర్లో వందమందికి పైగా చేరితే ఆదివారం వచ్చేది ఏడుగురో ఎనిమిదిమందో. ఆ ఏడుగురికి మాత్రం దాదాపు ట్యూషన్ చెప్పినట్టే ఉంటుంది. రెగ్యులర్ కాలేజీలో కూడా అంత దొరకదు.

ఇక మీకు నిజంగా నష్టమయ్యేది ఒకటుంది. మీరు లెక్చరర్ కావాలంటున్నారు. రెగ్యులర్‌లో సెమినార్ ఇవ్వాలి, పది మంది ముందు బోర్డు దగ్గర నిలబడి తడబడాలి. దూరవిద్యలో ఆ తడబడే అవకాశమే రాదు. మీ వీధిలో ఇంటర్ కామర్స్ చదివే పిల్లలెవరైనా ఉంటే వారానికి రెండు రోజులు చెప్పడం మొదలుపెట్టండి. ఫీజు అడక్కండి, వాళ్లు మీకు ఉపకారం చేస్తున్నట్టు లెక్క.

మరొకటి, మీకు ఫీజు రీయింబర్స్‌మెంట్ అర్హత ఉంటే అది రెగ్యులర్‌కే వస్తుంది, దూరవిద్యకు రాదు. ఆ లెక్క కూడా వేసుకోండి.

బొల్లారం_షిఫ్ట్

ఆ 45 వేల మనిషి జోలికి పోకండక్కా. నేను పోయాను. ఎనిమిదేళ్ల కింద, మొబైల్ షాపు పైన ఒక సెంటరు. ‘ఒకే సిట్టింగులో డిగ్రీ’ అన్నారు, ఒకసారి పిలిచి సంతకాలు చేయించుకున్నారు, ఏడు నెలలకు మెమోలు చేతికొచ్చాయి. అప్పుడు పెద్ద తెలివైనవాణ్ని అనుకున్నాను. మందుల కంపెనీలో కెమిస్టుగా తీసుకున్నారు. చేరిన నాలుగో నెల వెరిఫికేషన్‌లో అసలు రికార్డే లేదని వచ్చింది. హెచ్ఆర్ మేడం గట్టిగా తిట్టినా బాగుండేది. టిష్యూ పేపరు ఇచ్చి ‘నీళ్లు తాగు’ అంది. సెంటరుకు పోతే అక్కడ టైలర్ షాపు ఉంది. ఇప్పుడు ప్యాకింగులో షిఫ్టుకు పోతూ నిజంగా డిగ్రీ చదువుతున్నాను, రెండో సంవత్సరం.

పద్దులపుస్తకం

అందరికీ థాంక్స్. అన్నీ రెండుసార్లు చదివాను, మా ఆయనకు కూడా చదివి వినిపించాను. బొల్లారం తమ్ముడూ, నువ్వు రాసింది అత్తమ్మ కూడా విన్నది. ‘పాపం పిలగాడు’ అన్నది.

ఆ మనిషికి ఫోన్ చేసి డెబ్ ఐడీ అడిగాను. ‘అవన్నీ మేం చూసుకుంటాం మేడం’ అన్నాడు. వెబ్‌సైటులో చూపించమంటే సిగ్నల్ లేదన్నాడు. మళ్లీ ఎత్తలేదు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ మాకు రాదు, ఆదాయం దాటిపోతుంది. కాబట్టి నల్గొండ సీటు వదిలేస్తున్నాను. ఇది రాస్తుంటే కొంచెం ఏడుపొచ్చింది, దాచను. కాలేజీకి పోవాలని నాకు చాలా ఇష్టం.

మూడు గంటలు ఎక్కడున్నాయో వెతికాను, పూర్తిగా దొరకలేదు. పొద్దున నాలుగున్నర నుంచి ఆరు వరకు గంటన్నర ఉంది. మిల్లులో ధాన్యం సీజన్ కాని నెలల్లో మధ్యాహ్నం గంట దొరుకుతుంది. కోతలప్పుడు మాత్రం ఏమీ దొరకదు, లారీలు వరస కడతాయి. ఇగ్నో పరీక్షలు జూన్, డిసెంబరు. డిసెంబరు అంటే సరిగ్గా వానాకాలం ధాన్యం మిల్లుకొచ్చే సమయం. కండక్టరన్నా, దీనికేం చేయాలి?

నైట్‌హాల్ట్

డిసెంబరుకు తక్కువ పేపర్లు పెట్టుకోండి, జూన్‌కి ఎక్కువ. ఏ పేపరు ఎప్పుడు రాస్తారో మీ ఇష్టమే, గడువు లోపల పూర్తి చేస్తే చాలు. దూరవిద్యలో ఉన్న పెద్ద సుఖమే అది. నన్ను ముంచింది కూడా అదే, వాయిదా వేసుకునే వీలు. జనవరిలో కూడా అడ్మిషన్లు ఉంటాయి, ఇప్పుడే కట్టాలని లేదు.

డబ్బు కట్టకముందు ఒక పని చేయండి. ఇగ్నో పుస్తకాలు ఈజ్ఞానకోశ్ అనే సైటులో ఉచితంగా ఉన్నాయి. ఎం.కాం.లో ఏదో ఒక యూనిట్ దించుకుని ఒక నెల నాలుగున్నరకు లేచి చూడండి. చదవగలిగితే అప్పుడు కట్టండి. చదివిన ప్రతి యూనిట్ వెనక ఉన్న ప్రశ్నకు ఒక జవాబు పెన్నుతో రాయండి, టైం పెట్టుకుని. నా బొటనవేలు సంగతి మరచిపోకండి.

మీకు నలుగురు డిపోవాళ్లు లేరు కాబట్టి, ఆదివారం రాత్రి ఎంత చదివారో ఇక్కడ ఒక లైను రాయండి. రాయకపోతే నేను అడుగుతాను. టీ డబ్బులు మీవే.

పద్దులపుస్తకం

మొదటి ఆదివారం. ఏడు రోజుల్లో నాలుగు రోజులు లేచాను. ఒక యూనిట్‌లో సగం. జవాబు రాయలేదు.

నైట్‌హాల్ట్

ఒక టీ.

పద్దులపుస్తకం

రెండో ఆదివారం. యూనిట్ అయిపోయింది, మార్జినల్ కాస్టింగ్. బీకాంలో మార్కుల కోసం బట్టీ పట్టినదే. ఈసారి మా మిల్లు కరెంటు బిల్లు పక్కన పెట్టుకుని చదివాను. మిల్లు ఆడినా ఆడకపోయినా కట్టాల్సింది ఎంత, క్వింటాలు ఆడితే పెరిగేది ఎంత అని విడదీశాను. తవుడు, నూక అమ్మిన డబ్బు ఇన్నాళ్లూ ఇతర ఆదాయంలో రాసేదాన్ని, అది బియ్యం ఖర్చులోంచి తీసేస్తే లెక్క వేరేలా వస్తుంది. మా ఓనర్‌కి చూపిస్తే కాసేపు చూసి, ఆ కాగితం జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. కాపీ లేదు, మళ్లీ రాయాలి.

జవాబు మూడు పేజీలు, 48 నిమిషాలు. రెండో పేజీకే చెయ్యి లాగింది.

ఆదివారం_క్లాసు

ఆ తవుడు లెక్క మళ్లీ రాశాక ఇక్కడ పెట్టండి. నా బీకాం పిల్లలకు చూపిస్తాను.